బొర్రా శివయ్య నేర్పే పాఠం: ఆశకు కాళ్లకింద నేల కావాలి

ఈ వారం వీడియోలో బొర్రా గుహల్లోని శివలింగాన్ని దర్శించుకున్నాం కదా. టైమ్ చాలక అక్కడ చెప్పలేకపోయిన విషయం ఒకటి ఇక్కడ రాస్తున్నాను. "వానలు గతి తప్పాయి, అడవులు పోతున్నాయి, ఇంక పూజలు చేసి ఏం లాభం అండీ?" అని మీ వయసువాళ్లు నన్ను తరచూ అడుగుతుంటారు. నాకు తోచిన జవాబు ఈ కొండలోనే ఉంది.

ముందు లింగం సంగతి. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని సున్నపురాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. ఆ నీరు గుహ పైకప్పు నుంచి చుక్కచుక్కగా పడుతుంటే కింద కాల్సైట్ పేరుకుని పైకి పెరుగుతుంది. వేల ఏళ్ల అభిషేకంతో రూపుకట్టిన స్వామి అన్నమాట! కొండపైన మేస్తున్న ఆవు గుహలో పడితే, వెతుక్కుంటూ దిగిన కాపరికి ఈ లింగం కనిపించిందని స్థలకథ. ఇక్కడి నది పేరు గోస్తనీ, అంటే ఆవు పొదుగు. ఆ నదే తాటిపూడి జలాశయాన్ని నింపి విశాఖకు తాగునీరిస్తుంది, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

లింగంలో ఉన్న ఆ కాల్సైట్‌కు మార్కెట్లో ధర ఉంది. బొర్రా చుట్టుపక్కల ఊళ్లలో బయటి కంపెనీలకు గనుల లీజులు ఇచ్చారు. ఇది రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో చేసిన సవరణ ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. మరి ప్రభుత్వం తన భూమిని వాళ్లకు లీజుకు ఇవ్వొచ్చా? 'సమత' అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రశ్నతోనే కోర్టుకెక్కింది. 1995లో హైకోర్టు కేసు కొట్టేసింది. అయినా ఆగలేదు, సుప్రీంకోర్టుకు వెళ్లారు.

1997 జులై 11న మెజారిటీ తీర్పు వచ్చింది. నిబంధనలోని 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుంది కాబట్టి గిరిజనేతరులకు ఇచ్చిన లీజులు చెల్లవని కోర్టు చెప్పింది. ఖనిజం తీయాలంటే ప్రభుత్వ ఖనిజాభివృద్ధి సంస్థ లేదా గిరిజనుల సహకార సంఘాలే తీయాలి. నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లకు, బడులకు, ఆసుపత్రులకు, రోడ్లకు శాశ్వత నిధిగా పెట్టాలి. అడవిని తిరిగి పెంచే ఖర్చు దీనికి అదనం.

ఇది వాతావరణానికి ఎలా సంబంధం అంటారా? 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను ఈ కొండల్లో కాఫీకి నీడనిచ్చే చెట్లను కూల్చేసింది. కాఫీ మొక్క కాపుకు రావడానికే మూడు నాలుగేళ్లు పడుతుంది, నీడ చెట్టు ఎదగడానికి ఇంకా ఎక్కువ. రేపు ఈ నేల నాది కాకుండా పోతుందేమో అనుకునే మనిషి మళ్లీ మొక్క నాటుతాడా? నేల మీద భరోసా ఉంటేనే నాటుతాడు. మిరియాల తీగ పాకించిన చెట్ల నీడలో పండే అరకు అరబికా కాఫీకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది.

భగవద్గీత మూడో అధ్యాయంలో 'లోకసంగ్రహం' అనే మాట వస్తుంది. లోకం చెదిరిపోకుండా నిలబెట్టడం కోసం పనిచేయడం అని దాని భావం. ఫలితం కనిపించనప్పుడు కూడా హైకోర్టు మెట్ల నుంచి సుప్రీంకోర్టు మెట్ల దాకా నడవడం నా దృష్టిలో లోకసంగ్రహమే. ఆ నడక కూడా శివపూజలో భాగమే అంటాను నేను.

ఈ వారం మన సాధన: బొర్రా వెళితే తీసుకెళ్లిన ప్లాస్టిక్‌ను తిరిగి తెచ్చేయండి. కాఫీ, మిరియాలు, తేనె వీలైనంతవరకు గిరిజన సహకార సంస్థల దగ్గర కొనండి. మీ ఊరి కుళాయి నీళ్లు ఏ కొండ నుంచి వస్తున్నాయో, అక్కడ ఎవరు ఉంటున్నారో తెలుసుకోండి. సోమవారం అభిషేకం చేసేటప్పుడు వాళ్ల క్షేమాన్ని కూడా సంకల్పంలో చెప్పుకోండి. సంకల్పం చెప్పుకున్నాక వాళ్ల నేలకు ఆపద వచ్చిందని వింటే ఊరుకోలేం కదా.

ఓం నమః శివాయ.