ఒక మాట, నాలుగు అర్థాలు: ఎలా నేర్చుకోవాలి?

'నా కాలు కాలింది' అంటే మనలో ఎవరూ తికమకపడరు. మొదటిది ఒంట్లో భాగం, రెండోది నిప్పు చేసిన పని. అదే ఇంగ్లిష్ మాట నాలుగు అర్థాలతో ఎదురైతే నిఘంటువులో ఉన్నదంతా బట్టీ పట్టబోతాం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 'రన్' అనే క్రియ ఒక్కదానికే 645 అర్థాలు లెక్కగట్టింది. బట్టీతో అయ్యే పనేనా? ఓ నోటుబుక్కు తీసుకుని 'చార్జ్' అనే మాటతో ఇలా చేసి చూడండి.

1. తెలిసినవి ముందు రాయండి
ఫోన్ చార్జింగ్, బస్సు చార్జీ, చార్జిషీటు, ఇన్‌చార్జి, లాఠీచార్జి. నిఘంటువు తెరవకముందే ఐదు వచ్చేశాయి.

2. పేరో, పనో తేల్చండి
'ద చార్జ్ ఈజ్ హై' అన్నప్పుడు అది రుసుముకు పేరు. 'దే చార్జ్ ఫిఫ్టీ రుపీస్' అన్నప్పుడు వాళ్లు చేసే పని. ముందు 'ద', 'ఎ' కనిపిస్తే చాలావరకు పేరే. 'దే', 'విల్' ఉంటే పని.

3. ఇరుగుపొరుగు మాటలు చూడండి
పక్కన 'బ్యాటరీ' ఉంటే కరెంటు ఎక్కించడం. 'రుపీస్' ఉంటే డబ్బు తీసుకోవడం. 'విత్ థెఫ్ట్' ఉంటే దొంగతనం నేరం మోపడం. ముందు 'ఇన్', వెనక 'ఆఫ్' ఉంటే బాధ్యత.

4. వేరు వెతకండి
ఈ మాట లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చింది. మొదట్లో దానర్థం బండికి బరువు ఎక్కించడం. ఇప్పుడు పై అర్థాలు మళ్లీ చదవండి. బ్యాటరీకి కరెంటు ఎక్కిస్తాం. కొనేవారి మీద ఖర్చు పడుతుంది. నిందితుడి మీద నేరం మోపుతారు. ఇన్‌చార్జి భుజాన బాధ్యత పెడతారు. అన్నింట్లోనూ ఉన్నది బరువే. లాఠీచార్జిలోని 'మీదికి దూసుకెళ్లడం' మాత్రం దూరపు కొమ్మ. దాన్ని విడిగా గుర్తుపెట్టుకోండి.

5. వేరు కలవకపోతే విడదీయండి
తాగే పాలు, అన్నదమ్ముల పాలు ఒకే మాట కావు కదా! 'బ్యాట్' కూడా అంతే. గబ్బిలానికి ఇంగ్లిష్‌లో పూర్వం వేరే పేరుండేది. చివరి ధ్వని మారి క్రికెట్ బ్యాట్‌తో కలిసిపోయింది. ఇలాంటి వాటికి నోటుబుక్కులో రెండు పేజీలు కేటాయించండి.

6. నిర్వచనం మీరే రాయండి
పది మాటలు దాటకూడదు, కింద ఒక వాక్యం ఉండాలి. ఉదాహరణకు: 'చార్జ్ (పని): చేసిన పనికి ఇంత ఇవ్వమని డబ్బు అడగడం. ద టైలర్ చార్జెస్ టూ హండ్రెడ్ రుపీస్.' వాక్యంలో ఆ మాట తీసేసి మీ నిర్వచనం పెట్టి చూడండి. అర్థం చెడకపోతే సరిగ్గా రాసినట్టే.

ఒక జాగ్రత్త: మనం వాడే అర్థాలన్నీ ఇంగ్లిష్‌లో చెల్లవు. మన బస్సు చార్జీని అందులో 'ఫేర్' అంటారు. ఇక 'నో చార్జ్' అని దుకాణం ముందు బోర్డు కనిపిస్తే, లోపల ఎవరి ఫోనో ఆగిపోయిందనుకుని వెళ్లిపోకండి. అక్కడ ఇచ్చేది ఉచితం!