మిగిలిన ముక్కలు
పాఠ్యభాగము: యోహాను 6:1–13

అయిదువేలమంది తృప్తిగా తిన్న తరువాత కూడా ప్రభువు మిగిలినది పారవేయనివ్వలేదు. మనమైతే ప్రేమవిందు కాగానే గ్లాసులన్నీ సంచులకెత్తి వీధిలో పెట్టుచున్నాము. జార్జి టౌను చెత్త కొడుంగైయూరు దిబ్బకు చేరును. అది అంటుకొన్నప్పుడు ఆ పొగ పీల్చువారు మన పొరుగువారు కారా?

తమిళనాడులో 2019 జనవరి 1 నుండి ప్లాస్టిక్ గ్లాసులు నిషేధము. పేపరు గ్లాసులు పరవాలేదనుకొంటిమి. లోపల ప్లాస్టిక్ పూత ఉన్నందున అవియు నిషేధమే. 2021 డిసెంబరులో ప్రభుత్వము పసుపు గుడ్డసంచిని, అదే మంజప్పైని, మరల వాడుకలోనికి తెచ్చుటకు పూనుకొన్నప్పుడు పత్రికలో చదివితిమి, టీవీలో చూచితిమి, ఛానలు మార్చితిమి.

రాబోవు విందుకు ఇంటింటినుండి స్టీలు గ్లాసులు తెత్తము. కడుగు పని ఎప్పటివలె స్త్రీలకు వదలక, మొదటి వంతు సంఘ పెద్దలమే తీసుకొందుము.