లోపలి వరద – అణువిద్యుత్ కేంద్రంలో రక్షణ యంత్రాలకే రక్షణ

(బి.ఎస్సీ. విద్యార్థి వ్యాసం)

అణువిద్యుత్ కేంద్రం పేరెత్తగానే మనకు గుర్తొచ్చేది రేడియో ధార్మికత. ఆ భయం అర్థం లేనిది కాదు. అయితే ఆ కేంద్రాల చరిత్ర తిరగేస్తే మరో శత్రువు పదే పదే కనిపిస్తుంది. అది నీరు. బయటి నుంచి పొంగి వచ్చే నీరు ఒకటైతే, కేంద్రం తన అవసరానికి తన గొట్టాల్లోనే తిప్పుకునే నీరు రెండోది. గొట్టం పగిలినా, ట్యాంకు పొర్లినా, మంటలార్పే జల్లులు అనవసరంగా తెరుచుకున్నా ఆ నీరంతా భవనంలోనే నిలుస్తుంది. దీనినే అంతర్గత వరద అంటారు.

తెలుగు నేలమీద పనిచేసే అణువిద్యుత్ కేంద్రం లేదు గదా, మనకెందుకీ ముచ్చట అనవచ్చు. మన దేశపు భారజల రియాక్టర్లకు ఇంధనం తయారయ్యేది హైదరాబాదులో, 1971లో స్థాపించిన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో అణు కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన కూడా ఉంది. పైగా, చక్కెర కర్మాగారం 2015లో మూతపడినా, నిజాంసాగర్ కాలువనూ బోరు మోటారునూ నమ్ముకున్న బోధన్ ప్రాంతం వారికి ఈ సమస్య సులభంగానే అర్థమవుతుంది.

ఆర్పినా ఆరని పొయ్యి

బెల్లం వండేచోట మంట తీసేసినా పెనంలో పాకం కాసేపు ఉడుకుతూనే ఉంటుంది. అది పాత వేడి. రియాక్టర్ సంగతి అలా కాదు. శృంఖల చర్య ఆపేశాక కూడా, విచ్ఛిత్తిలో పుట్టిన పదార్థాలు క్షయమవుతూ కొత్త వేడిని ఇస్తూనే ఉంటాయి. ఆపిన క్షణాన ఆ వేడి పూర్తి సామర్థ్యంలో సుమారు 6, 7 శాతం ఉంటుంది. కొన్ని గంటలకు 1 శాతానికి దిగుతుంది.

చిన్న లెక్క వేద్దాం. 220 మెగావాట్ల విద్యుత్తునిచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి సుమారు 750 మెగావాట్లు. అందులో 1 శాతమంటే 7,500 కిలోవాట్లు. మరిగే నీటిని ఒక కిలో ఆవిరి చేయడానికి 2,260 కిలోజౌళ్ళు కావాలి. అంటే సెకనుకు 3.3 లీటర్ల నీరు ఆవిరైతే ఆ వేడి పోతుంది. 5 హార్స్ పవర్ మోటారు 30 మీటర్ల లోతు నుంచి, 60 శాతం సామర్థ్యంతో తోడినా సెకనుకు 7 లీటర్ల పైనే పోస్తుంది. ఒత్తిడి సంగతి పక్కన పెడితే, మన చెరుకు తోటకు పారే నీరంత కూడా అక్కర్లేదన్నమాట!

ఇది ఉత్త కాగితం లెక్క కాదు. 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరా కేంద్రంలో మంటలు లేచి కేబుళ్ళు కాలిపోయాయి. సుమారు 17 గంటలు కరెంటు లేదు. అప్పుడు డీజిల్ ఇంజనుతో నడిచే అగ్నిమాపక పంపుల నీటినే ఆవిరి జనరేటర్లకు పంపి రియాక్టర్‌ను చల్లబరిచారు. ఆ ఘడియలో కావలసింది చెడిపోని ఒక్క పంపు.

రెండున్నా చాలదు

అందుకే రక్షణ పంపులనూ డీజిల్ జనరేటర్లనూ ఒకటి చెడితే ఇంకొకటి ఉండేలా రెండేసి, మూడేసి పెడతారు. కానీ రెండూ ఒకే గుంతలో పక్కపక్కన ఉంటే వరదకు అవి ఒక్కటే లెక్క.

అమెరికాలోని క్వాడ్ సిటీస్ కేంద్రంలో 1972 జూన్‌లో కండెన్సర్ నీటి గొట్టానికున్న రబ్బరు అతుకు చీలిపోయింది. టర్బైన్ భవనం అడుగుభాగం మునిగి, రక్షణకు సంబంధించిన పంపులు కూడా నీటి పాలయ్యాయి. అదే దేశంలో సర్రీ కేంద్రంలో 1986 డిసెంబర్ 9న, లోపల అరిగి పలచబడ్డ గొట్టపు వంపు పగిలి నలుగురు కార్మికులు చనిపోయారు. అక్కడ నీరు నియంత్రణ పెట్టెల్లోకి దూరి, నిప్పు లేకుండానే మంటలార్పే వాయువులు విడుదలయ్యాయి. ఫ్రాన్స్‌లోని బ్లాయే కేంద్రంలో 1999 డిసెంబర్ 27న తుఫానుకు నీరు కట్ట దాటింది. లోపలికొచ్చాక, గొట్టాలకూ కేబుళ్ళకూ గోడల్లో చేసిన రంధ్రాల గుండా గది నుంచి గదికి పాకి రక్షణ పంపులను ముంచింది.

మన దేశంలో 1994 జూన్‌లో గుజరాత్‌లోని కాక్రాపార్‌లో భారీ వానలకు పక్కనున్న జలాశయం పొంగి టర్బైన్ భవనంలోకి నీరు చేరింది. రియాక్టర్ అప్పటికే ఆపి ఉండటం మేలయింది. 2004 డిసెంబర్ 26న సునామీ కల్పాక్కంలో సముద్రపు నీటి పంపుహౌసును ముంచింది. ప్రధాన భవనాలు ఎత్తులో ఉన్నందున నడుస్తున్న రియాక్టర్‌ను క్షేమంగా ఆపగలిగారు.

2011 మార్చి 11న జపానులోని ఫుకుషిమాలో చాలా జనరేటర్లూ స్విచ్ బోర్డులూ నేల కింది అంతస్తుల్లో ఉండి మునిగాయి. మూడు రియాక్టర్ల ఇంధనం కరిగింది. అక్కడే, కాస్త ఎత్తులో ఉన్న గాలితో చల్లబడే ఒకే ఒక్క డీజిల్ జనరేటర్ 5, 6 నంబరు రియాక్టర్లను నిలబెట్టింది.

కట్ట, తూము, మత్తడి

పరిష్కారాలు మన చెరువును చూస్తే తెలుస్తాయి.

కట్ట: రెండు పంపులకు రెండు గదులు, నడుమ నీరు చొరని గోడ, తలుపు, ఎత్తు గడప. గోడలోని ప్రతి రంధ్రాన్నీ మూసి సీలు చేయాలి.

తూము: నేలమీది నీరు పోయే కాలువలు, తోడిపోసే పంపులు. రెండు గదులకూ ఒకే కాలువ ఉంటే నీరు వెనక్కు తన్నుతుంది. అందుకే ఒకవైపే తెరుచుకునే కవాటం తప్పనిసరి.

మత్తడి: యంత్రాన్ని ముట్టకముందే, నిర్ణయించిన ఎత్తులో నీరు ప్రమాదం లేని చోటికి పొర్లిపోయే దారి.

వీటికి తోడు ఎత్తు. బావి దగ్గర స్టార్టర్ డబ్బాను రైతు నేలమీద పెట్టడు, పైకి బిగిస్తాడు. స్విచ్ బోర్డులకూ అదే సూత్రం.

చివరిది సమయం. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు గదిలోకి సెకనుకు 500 లీటర్లు వస్తే పది నిమిషాల్లో మీటరు ఎత్తు నిలుస్తుంది. 10 సెంటీమీటర్ల దగ్గరే గంట మోగితే మనిషికి ఇంకా తొమ్మిది నిమిషాలు ఉంటాయి. పగిలిన గొట్టం ఏదో కనుక్కొని వాల్వు కట్టేయడానికి ఆ తొమ్మిది నిమిషాలే ఆధారం.

మిత్రులారా! వీటిలో ఏదీ గొప్ప ఆవిష్కరణ కాదు. కానీ కేబుల్ మార్చడానికి తీసిన సీలు మళ్ళీ వేయకపోతే, తలుపు తెరిచి రాయి అడ్డం పెడితే, కోట్ల రూపాయల ఏర్పాటు ఆ పూటకు లేనట్టే. పెద్ద కట్ట కూడా ఎండ్రకాయ బొక్కతోనే తెగుతుందని ఊళ్ళో అందరికీ తెలుసు. రేపు మనలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు ఊరి తరఫున నిలబడి ప్రశ్నించేవారవుతారు. ఎవరమైనా సరే, “రెండో పంపు ఉందా?” అని అడిగి ఊరుకోవద్దు. “అది ఏ గదిలో, ఎంత ఎత్తులో ఉంది? నడుమ గోడలో రంధ్రాలను చివరిసారి ఎవరు, ఎప్పుడు చూశారు?” అని కూడా అడగాలి.