కుక్కపిల్లకు లోకపరిచయం

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్నవారు మొదట వినే సలహా ఒకటే: "సూదులన్నీ పూర్తయ్యేదాకా గడప దాటనివ్వకండి." ఈ సలహా సదుద్దేశంతో కూడినదే. అయితే దానిని అక్షరాలా పాటించడంలో ఒక నష్టముంది. కుక్క ఎదిగి, ఎదురింటి పసివాడిని చూసి పళ్లు బయటపెట్టిన నాడు గాని ఆ నష్టం తెలిసిరాదు. రోగభయం, బెదురుభయం రెండింటినీ తప్పించే మార్గమేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం.

గడువు ఎంత?

పుట్టిన మూడవ వారం మొదలు పన్నెండు, పద్నాలుగు వారాల వరకు కుక్కపిల్లలో భయం కంటె కుతూహలం ఎక్కువ. ఆ తరువాత ఎరుగని ప్రతిదానినీ అది శంకిస్తుంది. అమెరికాలోని బార్ హార్బర్ పరిశోధకులు కొన్ని కుక్కపిల్లలను మనుషుల పొత్తు లేకుండా పెంచి, వేర్వేరు వయసులలో వాటిని మనుషులకు అలవాటు చేసి చూశారు. పద్నాలుగు వారాల దాకా మనిషిని ఎరుగనివి ఆపైన ఎంత లాలించినా అడవి జంతువుల వలె బెదురుతూనే ఉన్నాయని 1961లో ప్రకటించారు.

ఇక చిన్న లెక్క వేద్దాం. మన దేశపు 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నియమాల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మరాదు. ఆటకు ఎంత గట్టిగా కరవవచ్చునో తల్లి వద్ద, తోబుట్టువుల వద్ద అది నేర్చుకునే కాలమది. పద్నాలుగులో ఎనిమిది పోగా మన చేతిలో మిగిలేవి ఆరు వారాలు. టీకాల వరుస ముగియడానికి సుమారు పదహారు వారాలు పడుతుంది. అంటే టీకాలు పూర్తయ్యేసరికే గడువు దాటిపోతుంది.

నేల తాకకుండా చూపడం

పార్వో వంటి వ్యాధుల భయం నిజమైనదే. ఇతర కుక్కలు తిరిగిన మట్టిలో ఆ క్రిములు నెలల తరబడి నిలిచి ఉంటాయి. కనుక పిల్లను వీధిలో నడిపించకండి. చంకన ఎత్తుకొని లేదా బుట్టలో ఉంచి చూపండి. విమానాశ్రయం, రైలు స్టేషను, అవినాశి రహదారి మూడూ ఉన్న పేట మన పీలమేడు. ఇక్కడ సాయంత్రం పది నిమిషాలు వాకిట కూర్చున్నా ఎన్నో శబ్దాలు పరిచయమవుతాయి. హెల్మెట్ పెట్టుకున్నవారు, గొడుగు పట్టినవారు, చేతికర్రతో నడిచే తాతగారు, గ్యాస్ సిలిండర్ మోసుకొచ్చే మనిషి, పరుగెత్తే పిల్లలు, ఒక్కొక్క రోజు ఒకటి రెండు కొత్త దృశ్యాలు చాలు. టీకాలు వేయించిన నెమ్మదైన పెద్ద కుక్క బంధువుల ఇంట ఉంటే దానితో కలపవచ్చు. చెవులు, పాదాలు, నోరు ముట్టుకోనివ్వడం ఇంట్లోనే అలవాటు చేస్తే పశువైద్యునికీ పని సులభమవుతుంది.

కొలత పిల్లదే

ఎక్కువ చూపడమే మంచిదనుకోవడం పొరపాటు. తోక ముడుచుకోవడం, చెవులు వెనక్కి వాల్చడం, పెదవులు నాకుకోవడం, నిద్ర లేకుండానే ఆవలించడం, ముఖం తిప్పుకోవడం, ఇవన్నీ "చాలు" అనే మాటలే. అప్పుడు వెంటనే దూరం జరగండి. ఇష్టమైన తినుబండారం చేతికిచ్చినా తినకపోతే, ఉన్న దూరం చాలలేదని అర్థం. కొత్తవారి చేతికి పిల్లను అందించకండి. వారిని కూర్చోమని చెప్పి, అదే వారి దగ్గరకు వెళ్లేదాకా వేచి ఉండండి. బెదిరినప్పుడు తిట్టినా, బలవంతంగా ఎదుట నిలిపినా భయం స్థిరపడుతుంది.

తెలుగు రాజులు స్థిరపడిన ఊరిపేరు మోసే రాజపాళయం జాతి పిల్లలను పెంచేవారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. కాపలాకు పేరొందిన ఆ జాతి కొత్తవారిని సహజంగానే నమ్మదు.

ఒక పనికి ఒకే మాట

మన ఇళ్లలో అవ్వ తెలుగులో "కూర్చో" అంటుంది, మనుమడు తమిళంలో "ఉక్కారు" అంటాడు, మనుమరాలు "సిట్" అంటుంది. మూడు భాషలు మనకు సంపద. పిల్లకు మాత్రం గందరగోళం. ఏ భాషైనా సరే, ఇంటిల్లిపాదీ ఒకే మాట ఎంచుకోండి.

దీపావళికి ముందు

టపాకాయల శబ్దం పండుగనాడే తొలిసారి వినిపించకూడదు. కొన్ని వారాల ముందు నుండి, పిల్ల తిండి తినే వేళ, ఫోనులో ఆ శబ్దాన్ని అతి సన్నగా వినిపించండి. అది నిశ్చింతగా తింటుంటేనే స్వల్పంగా పెంచండి. పండుగ రాత్రి తలుపులు మూసి, లోపలి గదిలో తోడుగా ఉండండి. బెదిరి గేటు దాటిన పిల్ల రహదారి మీద పడితే మళ్లీ దక్కడం కష్టం.

చివరిగా

కరిచే కుక్కలలో చాలా వాటి కోపానికి మూలం భయమే. అట్టి కుక్కను భరించలేక వదిలేస్తే అది వీధిపాలవుతుంది. ఆ వీధి మనందరిదీ. మూడు నెలలు నిండగానే రేబీస్ టీకా వేయించండి, వైద్యుడు చెప్పిన గడువులలో మళ్లీ వేయించండి. ఎవరినైనా కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

అభ్యాసం: ఈ వారం మీ కుక్కపిల్ల కొత్తగా చూసినవి, విన్నవి ఒక కాగితం మీద వ్రాయండి. ప్రతిదాని ఎదుట "తిన్నది" లేదా "తినలేదు" అని గుర్తించండి. "తినలేదు" అన్నవాటిని వచ్చే వారం మరికొంత దూరం నుండి చూపండి.