పంచుకుంటే పెరిగే విద్య

మానవుడు నిర్మించే ప్రతి మంచి కట్టడం వెనుక ముందుచూపు ఉంటుంది. పూర్వం చెరువులు తవ్వించినవారు గట్టును బలంగా కట్టడంతోనే తృప్తి పడలేదు. ఏదో ఒక సంవత్సరం చెరువు నిండి పొంగుతుందని ఊహించి, మిగులు నీరు పోవడానికి అలుగును కూడా నిర్మించారు. ఆధునిక కంప్యూటర్ రంగంలో 'క్లౌడ్' అని పేరు పొందిన నిర్మాణానికి ఇటువంటి ముందుచూపే పునాది.

క్లౌడ్ అనగా ఆకాశంలోని మేఘం కాదు. విశాలమైన భవనాలలో వేలాది కంప్యూటర్లను అమర్చి, వాటి శక్తిని ఇంటర్నెట్ ద్వారా అద్దెకిచ్చే ఏర్పాటే క్లౌడ్. విద్యుత్తుకు వలెనే, వాడుకున్న మేరకు రుసుము చెల్లిస్తే సరిపోతుంది. అమెజాన్ సంస్థ 2006లో ఇటువంటి సేవలను ప్రారంభించింది. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటర్ చెడిపోవడం అరుదు. వేలాది కంప్యూటర్లు పనిచేసే చోట మాత్రం ఏదో ఒకటి తరచుగా చెడిపోతూనే ఉంటుంది. అందువల్ల క్లౌడ్ నిర్మాతలు ఎదుర్కొనే అసలు ప్రశ్న యంత్రం చెడిపోకుండా ఎలా కాపాడాలి అన్నది కాదు. చెడిపోయినప్పుడు పని ఆగకుండా ఎలా చూడాలి అన్నది.

ఈ ప్రశ్నకు అమెజాన్ ఇంజనీర్లు కనుగొన్న సమాధానాలలో 'డైనమో' ఒకటి. అందులో ఒకే సమాచారాన్ని సాధారణంగా మూడు కంప్యూటర్లలో భద్రపరుస్తారు. కొత్త సమాచారం రాసేటప్పుడు వాటిలో రెండు అందినదని బదులిస్తే చాలు. చదివేటప్పుడు కూడా రెండింటి నుండి సమాధానం వస్తే చాలు. ఉన్నవి మూడే కాబట్టి, రాసిన రెండింటిలో కనీసం ఒకటి చదివిన రెండింటిలో ఉండి తీరుతుంది. ఈ చిన్న లెక్క వల్ల ఒక కంప్యూటర్ మూగబోయినా వినియోగదారుని పని నిలిచిపోదు.

అమెజాన్ ఈ రహస్యాన్ని తనలోనే దాచుకోలేదు. 2007 అక్టోబరులో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో జరిగిన ఒక కంప్యూటర్ శాస్త్ర సదస్సులో ఆ సంస్థకు చెందిన తొమ్మిదిమంది రచయితల పరిశోధనా పత్రం వెలువడింది. డైనమో గుణాలతోపాటు లోపాలను కూడా వారు అందులో వివరించారు. కొనుగోలుదారు బుట్టలో నుండి తీసివేసిన వస్తువు ఒక్కొక్కప్పుడు తిరిగి కనిపించవచ్చునని దాపరికం లేకుండా తెలియజేశారు.

ఆ పత్ర రచయితలలో ఒకరైన అవినాష్ లక్ష్మణ్ తరువాత ఫేస్‌బుక్ సంస్థలో చేరి, ప్రశాంత్ మాలిక్‌తో కలసి 'కసాండ్రా' అనే వ్యవస్థను నిర్మించారు. డైనమో భావనలకు, గూగుల్ సంస్థ 2006లో మరొక సదస్సులో వెల్లడించిన 'బిగ్‌టేబుల్' భావనలు తోడయ్యాయి. ఫేస్‌బుక్ 2008లో కసాండ్రాను ఎవరైనా ఉచితంగా వాడుకొనేందుకు విడుదల చేసింది.

అదే సంవత్సరం ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్ సంస్థకు పెద్ద ఆపద ఎదురైంది. దాని సమాచార నిధి పాడైపోవడంతో మూడు రోజులపాటు ఖాతాదారులకు డీవీడీలను పంపలేకపోయింది. ఒకే పెద్ద యంత్రంపై ఆధారపడటం ఎంత ప్రమాదకరమో ఆ సంస్థకు తెలిసివచ్చింది. నాటి నుండి తన వ్యవస్థను క్రమంగా అమెజాన్ క్లౌడ్‌కు తరలించి, 2016 జనవరిలో ఆ కార్యాన్ని పూర్తిచేసింది. ఈ ప్రయాణంలో దానికి తోడ్పడిన సాధనాలలో కసాండ్రా ముఖ్యమైనది.

నెట్‌ఫ్లిక్స్ ఇంజనీర్లు మరొక విచిత్రమైన సాధనాన్ని సృష్టించారు. దాని పేరు 'కేయాస్ మంకీ', అనగా అల్లరి కోతి. తోటలో జొరబడిన కోతి కొమ్మలు విరిచినట్లు, అది పనిచేస్తున్న సర్వర్లను యాదృచ్ఛికంగా ఆపివేస్తుంది. ఇంజనీర్లు అందుబాటులో ఉండే పగటి వేళలోనే ఈ పరీక్ష జరుగుతుంది. బలహీనత ఎక్కడ ఉన్నా అప్పుడే బయటపడుతుంది. అర్ధరాత్రి వేళ వచ్చే నిజమైన ఆపదకు వ్యవస్థ ముందే సిద్ధపడుతుంది. ఏడ్రియన్ కాక్‌క్రాఫ్ట్ మొదలైన నెట్‌ఫ్లిక్స్ నిపుణులు తమ అనుభవాలను అనేక సదస్సులలో వివరించారు. 2012లో ఆ సంస్థ కేయాస్ మంకీని కూడా అందరికీ ఉచితంగా ఇచ్చింది.

ఈ ఔదార్యంలో స్వార్థం బొత్తిగా లేదని చెప్పలేము. తమ పద్ధతులు నలుగురికీ తెలిస్తే ప్రతిభావంతులు తమవద్దకు వస్తారు. ఉచితంగా ఇచ్చిన సాధనాన్ని ఇతరులు మెరుగుపరుస్తారు. అయినప్పటికీ దానివల్ల లోకానికి కలిగిన మేలు తక్కువది కాదు.

విజయాన్ని చెప్పుకోవడం సులభం; పొరపాటును చెప్పుకోవడానికి ధైర్యం కావాలి. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ నిల్వ సేవ అమెరికాలోని ఒక ప్రాంతంలో సుమారు నాలుగు గంటలపాటు స్తంభించింది. కొద్ది సర్వర్లను తొలగించవలసిన ఆదేశంలో పొరపాటు దొర్లి, ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. సేవల స్థితిని ప్రజలకు తెలిపే పట్టిక కూడా ఆ నిల్వ సేవపైనే ఆధారపడినందువల్ల, దానిని సకాలంలో సవరించడం సాధ్యపడలేదు. అమెజాన్ ఈ వివరాలన్నీ ప్రకటించింది. ఆదేశమిచ్చిన ఉద్యోగి పేరు బయటపెట్టలేదు. అంతటి పొరపాటుకు అవకాశమిచ్చిన సాధనాన్నే సరిదిద్దింది. ఆ ప్రకటన చదివిన ఇతర సంస్థల ఇంజనీర్లకు తమ వ్యవస్థలను పరీక్షించుకొనే అవకాశం కలిగింది.

2022 నవంబరులో అమెజాన్ హైదరాబాదులో తన క్లౌడ్ ప్రాంతాన్ని ప్రారంభించింది. ఒక చోట ఆపద సంభవించినా మిగిలినవి పనిచేసేలా అందులో మూడు వేర్వేరు విభాగాలున్నాయి. తెలుగు నేలపై వెలసిన ఈ నిర్మాణం వెనుక కూడా అనేక సభలలో, అనేకులు చెప్పిన జయాపజయాల అనుభవమున్నది. దాచుకున్న ధనాన్ని దొంగలు హరించవచ్చు. దాచుకున్న విద్య తనంతట తానే తరిగిపోతుంది. నేర్చినదానితోపాటు పొరబడినదానిని కూడా నలుగురిలో చెప్పగలిగినవాడే రాబోయే తరానికి దారి చూపగలడు.

అభ్యాసం
1. డైనమోలో ఒక కంప్యూటర్ చెడిపోయినా పని ఎందుకు ఆగదో వివరించండి.
2. 'కేయాస్ మంకీ' ప్రయోజనమేమిటి?
3. పొరపాటును వెల్లడించడం వల్ల సమాజానికి కలిగే మేలును పాఠం ఆధారంగా చర్చించండి.