పక్షి వార్త – సాక్షి ధర్మము

పవిత్ర ఖురానులోని ‘అన్నమ్ల్’ అధ్యాయములో ఒక చిన్న వృత్తాంతమున్నది. హజ్రత్ సులైమాన్ ప్రవక్త తన పరివారములోని పక్షులను పరిశీలించుచుండగా హుద్‌హుద్ కనిపించలేదు. కొంతసేపటికి అది వచ్చి, తాను సబా దేశమునకు పోయి వచ్చితినని, అక్కడ ఒక రాణి పాలించుచున్నదని విన్నవించినది. ప్రవక్త ఆ వార్తను విన్నంతనే నమ్మలేదు. విన్నంతనే త్రోసిపుచ్చనూ లేదు. అది నిజమో కాదో పరీక్షింప దలచి, ఒక లేఖ నిచ్చి ఆ పక్షినే తిరిగి పంపినారు. 2014 అక్టోబరులో విశాఖపట్టణమును తాకిన తుపానుకు పెట్టిన పేరు ఈ పక్షిదే గనుక హుద్‌హుద్ అను మాట తెలుగువారికందరకును పరిచితమే.

ఆ కథలో పక్షి మనుష్యునికి వార్త తెచ్చినది. ఈ వ్యాసములో మనము చెప్పుకొనబోవునది మనుష్యులు తెచ్చు పక్షుల వార్తలను గూర్చి. రెండింటికిని నియమ మొక్కటే. చూచినవాడు ఉన్నదున్నట్లు చెప్పవలెను. విన్నవాడు పరీక్షించి స్వీకరింపవలెను.

పక్షి వీక్షణము కేవలము కాలక్షేపమని చాలమంది భావన. తెల్లవారుజామున దుర్భిణి మెడలో వేసికొని చెరువుగట్టున నిలుచున్నవానిని చూచి నవ్వుకొనువారు కూడ లేకపోలేదు. కాని ఆ మనిషి జేబులో ఒక చిన్న పుస్తకమున్నది. అందులో అతడు అయిదు సంగతులు వ్రాసికొనును: ఏ పక్షి, ఎన్ని, ఎక్కడ, ఎప్పుడు, చూచినవారెవరు. నిజాయితీ గలవాడైనచో ఆరవ సంగతిని కూడ చేర్చును: తనకు ఎంతవరకు నిశ్చయమన్నది. ఈ ఆరు ఉన్నప్పుడే చూపు సాక్ష్యమగును. అవి లేనిచో అది కబురు మాత్రమే. హదీసు విద్య నెరిగినవారికి ఈ పద్ధతి క్రొత్తది కాదు. ఎవరు చెప్పినారు, ఎవరి వలన విన్నారు, చెప్పినవాని నడవడి ఎట్టిది అని విచారించి గాని మన పెద్దలు ఒక మాటను గ్రహించెడివారు కారు.

మన దేశములో ఈ విద్యకు బాట వేసినవారు డాక్టరు సలీం అలీ. 1896లో జన్మించి 1987లో పరమపదించిన ఆ మహనీయుడు 1931–32లో హైదరాబాదు సంస్థానమంతట సంచరించి ఇక్కడి పక్షులను పరిశీలించి, ఆ వివరములను ప్రకటించినారు. 1960లో జఫర్ ఫుతేహల్లీగారు పక్షి వీక్షకుల కొరకు ఒక చిన్న పత్రికను ప్రారంభించినారు. మొదట నకలుయంత్రముపై తీసి కొద్దిమందికి పంపిన ఆ పుటలలో ఒక ఊరివాడు చూచిన పక్షిని గూర్చి మరియొక ఊరివాడు చదివినాడు. 1980లో హైదరాబాదు కేంద్రముగా ఆంధ్రప్రదేశ్ పక్షి వీక్షకుల సంఘము వెలసినది. దాని పత్రిక పేరు ‘పిట్ట’. ఈ పేరులో ఒక విశేషమున్నది. మన తెలుగు మాటయైన పిట్ట ప్రపంచ శాస్త్రజ్ఞుల వాడుకలో ఒక పక్షిజాతికి నామధేయమైనది. ఉర్దూ, హిందీ భాషలవారు నౌరంగ్ అను తొమ్మిది వన్నెల పక్షి ఈ జాతిలోనిదే. అది వేసవిలోను వానకాలములోను ఉత్తర, మధ్య భారతములలో గూడు కట్టి, శీతకాలమునకు దక్షిణమునకు వలస వచ్చును.

నాడు ఉత్తరముల ద్వారా సాగిన ఈ వార్తల మార్పిడి నేడు కంప్యూటర్ల ద్వారా క్షణములలో జరుగుచున్నది. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదికకు ఆధారము ముప్పది వేలకు పైగా వీక్షకులు పంపిన సుమారు 3 కోట్ల పరిశీలనలు. అందులో 942 జాతులను విచారించి, 178 జాతులకు సంరక్షణ అత్యవసరమని తేల్చినారు. ఇంతటి లెక్క ఏ ఒక్క పండితునికిని సాధ్యమయ్యెడిది కాదు.

ఇట్టి వార్త యొక్క విలువ తెలియుటకు మన కడప జిల్లా కలివికోడి కథ చాలును. గోధుమ వన్నెతో, రొమ్మున రెండు పట్టీలతో, రాత్రివేళ పొదల నడుమ పరుగులిడు ఈ చిన్న పక్షిని పందొమ్మిదవ శతాబ్ది మధ్యలో జెర్డన్ అను ఆంగ్ల వైద్యుడు లోకమునకు తెలిపినాడు. 1900లో అనంతపురము ప్రాంతమున కనిపించిన తరువాత అది ఎవరి కంటబడినట్లును గ్రంథములలో లేదు. పండితులు అది అంతరించినదనుకొన్నారు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాని చిత్రమును పట్టుకొని పల్లెలకు వెళ్ళి, అడవిలో తిరుగు జనులకు చూపి విచారించినారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి సమీపమున, లంకమల కొండల చెంత, స్థానికుడైన ఒక వేటగాని సహాయముతో ఆ పక్షి తిరిగి దొరకినది. 1988లో దాని బొమ్మతో తపాలా బిళ్ళ వెలువడినది. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది. దాని నివాసమునకు హాని కలుగునని తేలినందున తెలుగుగంగ కాలువ మార్గమును సైతము మార్చవలసి వచ్చినది.

ఇక్కడ మనము ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. ఎనుబదియారు సంవత్సరములు ఈ పక్షి ఎవరికి కనబడలేదు? గ్రంథములు వ్రాయువారికి కనబడలేదు. కలివిపొదల మధ్య గొఱ్ఱెలు మేపువానికిని, రాత్రివేళ వేటకు పోవువానికిని అది పరాయిది కాదు. చూచినవారికి వ్రాయుట రాదు. వ్రాయగలవారు వారిని అడుగలేదు. అడిగిన నాడు జవాబు దొరకినది.

మౌనము వలన కలిగిన నష్టమునకు మరియొక ఉదాహరణము కూడ ఈ పక్షి కథలోనే ఉన్నది. 1917లో కోలారు ప్రాంతమున సేకరింపబడిన దీని గ్రుడ్డు ఒకటి స్కాట్లండులోని అబర్దీను విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలకు చేరి, 2013 వరకు ఎవరి దృష్టికిని రాక పడియున్నది. ఆ వార్త ఆనాడే పదిమందికి తెలిసియున్నచో కలివికోడిని వెదకువారు పెన్నా లోయతో పాటు కోలారు పొదలను కూడ ఎంతో ముందుగా గాలించియుందురు.

మౌనము కంటె ప్రమాదకరమైనది అసత్యము. అడవి చిన్నగుడ్లగూబ అను పక్షి యొక్క నిజమైన నమూనా 1884 తరువాత లభింపలేదు. అయితే రిచర్డ్ మైనర్ట్‌జాగెన్ అను ఆంగ్ల సైన్యాధికారి, తాను 1914లో గుజరాతులో దానిని పట్టినట్లు చీటీ వ్రాసి ఒక నమూనాను చూపినాడు. నిజమునకు అది ఒకరు మునుపు సేకరించిన పాత నమూనా. దానిని దొంగిలించి తన పేర క్రొత్త చీటీ తగిలించినాడని తరువాత ఋజువైనది. ఆ చీటీని నమ్మినవారు పక్షి లేని చోట వెదకి వేసారినారు. అబద్ధపు గుర్తులను ప్రక్కకు నెట్టి, నమ్మదగిన పాత నమూనాలు దొరకిన తావులను బట్టి పోయిన పమేలా రాస్ముసెన్ బృందమునకు 1997 నవంబరులో మహారాష్ట్రలో ఆ పక్షి సజీవముగా కనబడినది. ఒక్క అబద్ధపు చీటీ ఎంతకాలము ఎందరిని త్రోవ తప్పించినదో చూడుడు.

ఉద్దేశపూర్వకమైన అసత్యము అందరును ఆడరు. కాని తెలియక చెప్పు తప్పుమాట మనలో చాల ఉన్నది. నేలపట్టులోను, శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురములోను చెట్లపై గూళ్ళు కట్టు గూడకొంగలను, ఎఱ్ఱకాళ్ళ కొంగలను చూచి ‘సైబీరియా పక్షులు’ అని వ్రాయుట మనకు పరిపాటి. ఇవి సైబీరియా నుండి వచ్చునవి కావు. నీటిని, ఆహారమును అనుసరించి ఈ దేశములోనే తిరుగుచు ఇక్కడనే పిల్లలను పెట్టునవి. దూరదేశముల నుండి శీతకాలమునకు వచ్చు పక్షులు సాధారణముగా ఇక్కడ గూడు కట్టవు. తలపై రెండు నల్లని చారలు గల పెద్దబాతు టిబెట్టు, మంగోలియా ప్రాంతములలో గ్రుడ్లు పెట్టి, హిమాలయములను దాటి మన చెరువులకు వచ్చి, వేసవి రాకముందే మరలిపోవును. మన చెట్టుపై పుట్టిన పక్షిని పరదేశి అనుకొన్నప్పుడు, ఆ చెట్టును కొట్టివేసినను అది తన దేశమునకు పోవునులే అని ఊరకుందుము. తప్పు పేరు వలన కలుగు కీడు ఇది.

చూచినదెల్ల చాటవలెనా అను ప్రశ్న కూడ ఉన్నది. అరుదైన పక్షి గూడును బహిరంగముగా తెలుపుట గ్రుడ్లను దొంగిలించువానికి త్రోవ చూపినట్లగును. ఛాయాచిత్రముల మోజుతో జనము గూటి చుట్టు మూగినచో తల్లిపక్షి గూటిని విడనాడవచ్చును. అందువలన బాధ్యత గల సంఘములు ఇట్టి పక్షుల ఖచ్చితమైన తావును అందరికిని చూపక, వివరములను మాత్రము భద్రపరచుచున్నవి. అమానతుగా నుంచిన వస్తువును కాపాడినట్లే దీనిని కూడ కాపాడవలెను. సత్యమును దాచుట వేరు, సత్యమును అర్హులకు అప్పగించుట వేరు.

విద్యార్థులారా, ఈ పనికి ఖరీదైన పరికరములు అవసరము లేదు. మీ ఊరి చెరువు, మీ పొలము గట్టు, మీ దర్గా ఆవరణలోని చింతచెట్టు చాలును. ఒక నోటుపుస్తకము ఉంచుకొనుడు. పక్షిని చూచిన రోజుననే తారీఖు వేసి వ్రాయుడు. పోలిక తెలియనిచో తెలియదని వ్రాయుటకు సిగ్గుపడవద్దు. ఆ తెలియదన్న మాటయే మీ తక్కిన మాటలకు విలువ తెచ్చును. మీ తాతగారు దానిని తెలుగులో ఏమందురో, మీ నానమ్మగారు ఉర్దూలో ఏమందురో అడిగి ఆ పేర్లను కూడ ప్రక్కన వ్రాయుడు. పక్షి కనుమరుగగుటకు ముందే దాని పేరు నోళ్ళ నుండి జారిపోవుట మనము చూస్తున్నాము. పల్లెలో చూచువారికిని పట్టణములో వ్రాయువారికిని నడుమ వంతెన కాగలవారు మీరే. రెండు భాషలు నేర్చి, పల్లెను మరువని విద్యార్థికి ఇంతకంటె తగిన పని అరుదు.

హుద్‌హుద్ చిన్న పక్షి. అయినను అది ఒక ప్రవక్త సన్నిధిలో నిలిచి తాను చూచినది చెప్పగలిగినది. తన మాటను పరీక్షకు పెట్టినప్పుడు వెనుదీయలేదు. వార్త తెచ్చు ప్రతివానికిని అదియే మర్యాద.