సముద్రం విడిచి వచ్చిన రొయ్య

రొయ్య అనగానే మనకు కూరే గుర్తొస్తుంది. కానీ రొయ్యకు కూర గిన్నె కంటే చాలా పెద్ద చరిత్ర ఉంది. అది తెలుసుకుంటే మన పత్తి, మిరప చేల పక్కన పారే కాలువ నీళ్ళ మంచి చెడ్డలు కూడా తెలుస్తాయి.

రొయ్య ఎవరి చుట్టం?

రొయ్య చేప కాదు. దానికి వెన్నెముక లేదు. కీళ్ళ కాళ్ళు గల ఆర్థ్రోపోడా వర్గంలో క్రస్టేషియా విభాగానికి చెందినది. పీత దాని దగ్గరి చుట్టం. పది నడక కాళ్ళు ఉండటం వల్ల రెండింటినీ డెకాపోడా క్రమంలో చేర్చారు. పత్తి కాయను తొలిచే శనగపచ్చ పురుగు, ఆకు రసం పీల్చే తెల్లదోమ కూడా ఆర్థ్రోపోడా వర్గంవే. ఈ ముక్క గుర్తుంచుకోండి, చివర్లో దీనితో పని ఉంది.

కోస్తా చెరువుల్లో పెంచే వనామి, టైగర్ రొయ్యలు పీనియిడే కుటుంబానివి. వాటి ఆడరొయ్య గుడ్లను నీళ్ళలోకి వదిలేస్తుంది. నదుల్లో, కాలువల్లో దొరికే రొయ్యలు కారిడియా అనే వేరే విభాగానివి. వీటిలో తల్లి గుడ్లను పొట్ట కింద అంటిపెట్టుకుని మోస్తుంది. గుడ్లు లేనప్పుడు కూడా గుర్తుపట్టవచ్చు. తోక భాగంలో రెండో ఖండం పక్క పెంకు ముందున్న ఖండాన్నీ వెనకున్న ఖండాన్నీ రెండింటినీ కప్పితే అది కారిడియా. వెనకదాన్ని మాత్రమే కప్పితే పీనియిడే.

ఎన్ని రకాలు?

2015లో ప్రచురితమైన ప్రపంచ స్థాయి అధ్యయనంలో 763 జాతుల మంచినీటి కారిడియా రొయ్యలను పరిశీలించారు. వాటిలో సగానికి పైగా భారతదేశం నుంచి ఆగ్నేయాసియా దాకా ఉన్న ప్రాంతంలోనివే. మన నదుల్లో పెద్ద రొయ్యలు మాక్రోబ్రాకియమ్ ప్రజాతివి. మాక్రో అంటే పెద్ద, బ్రాకియమ్ అంటే చెయ్యి. నీలిరంగు పొడుగు చేతులున్న నీలకంఠ రొయ్య (స్కాంపి) వీటన్నిటిలోకీ పెద్దది. మగది 32 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. గోదావరి రొయ్య అనే మరో జాతి కృష్ణలోనూ ఉంది. వేలి కణుపంత ఉండే పారదర్శకమైన చిన్న రొయ్యలు ఏటియిడే కుటుంబానివి. వీటి చేతుల చివర బ్రష్ లాంటి వెంట్రుకల కుచ్చులుంటాయి. రాళ్ళ మీది నాచును వాటితో ఊడ్చుకుని తింటాయి.

రాలిన ఆకులు, పురుగుల పిల్లలు, చచ్చిన జీవులు రొయ్యకు ఆహారం. రొయ్య కొరమీనుకు, కొంగకు, మనిషికి ఆహారం. కాలువను శుభ్రం చేసే పని, కూడు పెట్టే పని రెండూ దానివే.

సముద్రం నుంచి ఏటికి

రొయ్యల పూర్వీకులు సముద్రజీవులు. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు శాఖలుగా మంచినీటిలోకి వచ్చాయి. ఆ ప్రయాణంలోని మెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

మొదటి మెట్టు నీలకంఠ రొయ్య. ఏట్లో పెరిగిన ఆడరొయ్య గుడ్లతో నదీముఖం వైపు దిగుతుంది. పెద్దదైతే ఒక్కసారికి 80,000 నుంచి 1,00,000 గుడ్లు పెడుతుంది. వాటి నుంచి వచ్చే డింభకాలు మంచినీటిలో బతకవు. లీటరుకు సుమారు 12 గ్రాముల ఉప్పున్న నీళ్ళు కావాలి. సముద్రపు నీటిలో 35 గ్రాములుంటుంది. 11 దశలు దాటి రొయ్యపిల్లగా మారాక ఏటికి ఎదురెక్కుతుంది. ఈ ఉప్పు రహస్యాన్ని 1960ల మొదట్లో మలేసియాలోని పెనాంగ్‌లో షావ్-వెన్ లింగ్ అనే శాస్త్రజ్ఞుడు కనిపెట్టాడు. ఆ తరువాతే హేచరీలు, స్కాంపి సాగు సాధ్యమయ్యాయి.

రెండో మెట్టు సముద్రాన్ని పూర్తిగా మరిచిన రొయ్యలు. ఇవి కొద్ది గుడ్లే పెడతాయి, కానీ పెద్దవి పెడతాయి. గుడ్డులోనే బిడ్డ చాలావరకు పెరిగి బయటికి వస్తుంది. ఉప్పునీటితో పనిలేదు.

మూడో మెట్టు భూగర్భ జలం. ఇక్కడ రొయ్యల దూరపు చుట్టాలు కొన్ని మన కాళ్ళ కిందే ఉన్నాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర ఆచార్యులు వై. రంగారెడ్డి, ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు విల్సన్ కలిసి 2011లో ఆంధ్రప్రదేశ్ భూగర్భ జలాల నుంచి ఆంధ్రకాయిడిస్ అనే కొత్త ప్రజాతిని ప్రకటించారు. ఇది రొయ్య కాదు, క్రస్టేషియాలోనే ఐసోపోడా క్రమానిది. దాని కుటుంబంలోని మరికొందరు సభ్యులు ఆస్ట్రేలియాలో ఉన్నారు. సముద్రం ఈదలేని జీవి రెండు ఖండాల్లో ఎలా ఉంది? ఒకప్పుడు ఆ రెండూ గోండ్వానా అనే ఒకే భూఖండంగా ఉండేవి కాబట్టి.

ఆనకట్టా, పురుగుమందూ

బెజవాడ దగ్గర కృష్ణపై 1855లో ఆనకట్ట కట్టారు. దాని స్థానంలో 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1967లో నాగార్జునసాగర్ నీళ్ళు విడుదలయ్యాయి. కుడి కాలువతో మన చేలు పండాయి, మన ఇళ్ళలో అన్నం ఉడికింది. అయితే ఎదురెక్కే రొయ్యపిల్లకు అడ్డుకట్ట దాటే దారి లేదు. ఇది ఒక దెబ్బ.

రెండో దెబ్బ మందు. 1987-88లో తెల్లదోమ విజృంభించి పత్తి రైతు ప్రాణాల మీదికి వచ్చిన సంగతి పెద్దలకు గుర్తే. పైరిత్రాయిడ్ మందులు హద్దు లేకుండా కొట్టడం అందుకు ఒక కారణం. 2021లో మిరపకు నల్ల తామరపురుగు వచ్చినప్పుడు మళ్ళీ డబ్బాల మీద డబ్బాలు కొట్టారు. ముందు చెప్పిన ముక్క ఇక్కడ గుర్తు చేసుకోండి. పురుగూ రొయ్యా ఒకే వర్గం. పురుగు నరాలను పట్టే మందు రొయ్య నరాలనూ పడుతుంది. పురుగు కుబుసం విడవకుండా ఆపే మందు, కైటిన్ పెంకు విడిచి పెరిగే రొయ్యనూ ఆపుతుంది. సైపర్‌మెత్రిన్ లాంటిదైతే నూరు కోట్ల పాళ్ళ నీటిలో ఒక పాలు ఉన్నా రొయ్యకు ప్రాణాపాయమే. 2015 అధ్యయనం ప్రకారం మంచినీటి రొయ్యల్లో దాదాపు మూడో వంతు జాతులు ఆపదలోనో, ఆపద అంచునో ఉన్నాయి. సేద్యపు, పట్టణ కాలుష్యం ముఖ్య కారణాల్లో ఒకటి.

తమ్ముళ్ళారా! మనలో చాలామంది అమ్మానాన్నలు ఆ చేలల్లో కూలికి వెళ్ళేవారే. ఆ కాలువ పక్కనే మన ఊళ్ళున్నాయి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. వాగులో, కాలువ మడుగులో గట్టు మీద నుంచే తెల్లగుడ్డతో నాచు పక్కన దేవి చూడండి. చిన్న రొయ్యలున్నాయా? ఏ నెలలో ఉన్నాయి, మందు కొట్టిన వారం ఉన్నాయా, పోయాయా? తేదీ వేసి నోటు పుస్తకంలో రాసుకోండి. మందు డబ్బాలు, పంపులు కాలువలో కడగవద్దని ఇంట్లో చెప్పండి. చదువుకున్న బిడ్డ చెబితే నాన్న వింటాడు. రొయ్య బతికిన కాలువ మన పశువుకూ మన పిల్లలకూ మేలు చేసే కాలువ.